హైదరాబాదులో క్లోరోఫాం పంచాయితీ

చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ మీదుగా, నయాపూల్ దాటి ఉస్మానియా ఆస్పత్రి వైపు వెళ్ళినప్పుడల్లా నాకొక పాత తగవు గుర్తుకొస్తుంది. ఒక మందు మనిషిని ఎలా చంపుతుందన్న తగవు అది. లండన్ దాకా పాకిన ఆ తగవుకు మన ఊరే కేంద్రం.

అప్పటికి ఉస్మానియా లేదు, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 మూసీ వరద దాన్ని పొట్టన పెట్టుకుంది. 1885లో రెసిడెన్సీ సర్జనుగా, ఇక్కడి మెడికల్ స్కూలుకు పెద్దగా వచ్చినవారు ఎడ్వర్డ్ లారీ దొర.

క్లోరోఫాంను 1847లో ఎడింబరోలో సింప్సన్ వాడుకలోకి తెచ్చారు. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోబోయిన 15 ఏళ్ళ పిల్ల ఆ మత్తులో చనిపోయింది. అక్కడి నుంచి వైద్యులు రెండు పక్షాలయ్యారు. ముందు గుండె ఆగుతుంది, నాడి వదలొద్దన్నారు లండన్ వారు. ముందు ఆగేది ఊపిరే, దాన్ని చూడండి చాలన్నారు ఎడింబరో వారు. లారీ దొర అక్కడ చదువుకున్నవారే.

1888లో ఆయన కుక్కల మీద పరీక్షలు చేయించి, ఊపిరే ముందు ఆగుతోందని తేల్చారు. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, అబ్జెక్షన్ రాసి ఫైలు తిప్పి పంపింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం, మీ మనిషినే పంపండంటూ 1000 పౌండ్లు మంజూరు చేసింది. (మన టి.ఏ. బిల్లులు ఇంత సులువుగా పాసయ్యాయా ఎప్పుడైనా!)

1889లో వచ్చినాయన లాడర్ బ్రంటన్, పేరున్న మందుల శాస్త్రవేత్త. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పీల్పించవచ్చని 1867లో చెప్పింది ఆయనే. మనలో కొందరు జేబులో పెట్టుకు తిరిగే, నాలిక కింది సార్బిట్రేట్ మాత్ర ఆ నైట్రేట్ల కుటుంబంలోదే. వందలాది జంతువులను పరీక్షించాక బ్రంటన్ కూడా లారీ పక్షమే చేరారు. అప్పట్లో ఇక్కడే చదివిన పార్శీ యువతి రూపాబాయి ఫర్దూంజీ తర్వాత మత్తు వైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. మత్తు వైద్యంలో లోకంలోనే తొలి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు.

ఇంతా చేసి, ఆ తీర్పు సగమే నిజం. క్లోరోఫాం మోతాదు మించితే ఊపిరి ముందు ఆగేమాట వాస్తవమే. కానీ 1911లో లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ఇంకొకటి చూపించారు. మత్తు పూర్తిగా ఎక్కకముందు, భయంతోనో నొప్పితోనో ఒంట్లో అడ్రినలిన్ ఎగసినప్పుడు, గుండె లయ తప్పి, అదిరి, హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ మత్తు తక్కువ మోతాదులోనూ చంపగలదన్నమాట. పరీక్షలు అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నే ఇరుకు. ఊపిరి చూడమన్న లారీ సలహాతో బతికినవారు ఎందరో ఉండాలి. నాడి చూడనక్కర్లేదన్నదే ఆయన పొరపాటని నా అభిప్రాయం.

రెండేళ్ళ క్రితం నాకు హెర్నియా ఆపరేషన్. ముందురోజు మత్తు డాక్టరమ్మ ఏ మాత్రలు వేసుకుంటున్నారని అడిగింది. బి.పి. మాత్ర పేరు చెప్పి, రక్తం పలచబడే మాత్ర సంగతి దాచాను. చెబితే వాయిదా వేస్తారని భయం. మా ఆవిడ సంచిలోంచి చీటీ తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. నాకు కోపం వచ్చింది కూడా.

ఆపరేషన్ వాయిదా పడింది. పది రోజుల తర్వాత బల్లమీద పడుకోబెట్టి వేలికి ఒక క్లిప్పు తగిలించారు. పక్కన చిన్న తెర మీద నాడి, రక్తంలోని ప్రాణవాయువు రెండూ అంకెలుగా కదులుతున్నాయి. లారీ దొరా, లండన్ డాక్టర్లూ ఒకే తెరలో సర్దుకున్నారనుకుంటూ ఉండగానే నాకు మత్తు వచ్చేసింది.