నల్లగొండ పద్ధతి

నల్లగొండ సీమలో బావినీరు పెక్కుచోట్ల కంటికి తేట, ఎముకలకు చేటు. గ్రానైటు రాళ్ళనుండి నీటిలో కరగిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఒంటబట్టి, వెన్నును బిగించి మనిషిని వంచివేసెను. 1955లో డాక్టరు సిద్దిఖీ ఈ జిల్లా రోగులను గూర్చిన పరిశీలనను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి.

1970 దశకములో నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిన చికిత్సకు ‘నల్లగొండ పద్ధతి’ యను పేరు నిలిచినది. నీటిలో సున్నమును, పటికను వేసి, ముందు వడిగాను, పిదప మెల్లగాను కలిపి, మడ్డి దిగిన తరువాత పైతేటను వడగట్టవలెను. కలుపు చాలనిచో మడ్డి తునకలు పెరుగవు, మించినచో చెదరిపోవును.

బిందెలో నిది చేతికే తెలియును. ఊరికి చాలు తొట్టిలో నెట్లు? కొంత నీరు అడ్డదారిని ముందే వెలువడును. కొంత మూలల నిలిచిపోవును. 1822లో నేవియరు, 1845లో స్టోక్సు వ్రాసిన ప్రవాహ సమీకరణములను ఆధారముగా గొని, కంప్యూటరు తొట్టిని వేలకొలది గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వడిని లెక్కించి, ఆ దారులను చూపుచున్నది. మురుగునీటిని శుద్ధిచేయు తొట్లకును ఇదే లెక్క.

అయినను దినదినము పటికను కొలిచి వేయువారెవరు, మడ్డిని ఎచట పారబోయవలెను అను ప్రశ్నలకు సమీకరణములు బదులు చెప్పవు. తరువాతి కాలమున మిషన్ భగీరథ పథకము నదీజలములను ఈ గ్రామములకు తెచ్చినది. వంగిన వెన్నులు మాత్రము మరల నిలువలేదు. ఆలస్యమునకు వెల అదియే.