తొక్కింది ఎవరు?



1989 ఏప్రిల్ 15. ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ సెమీఫైనల్. బయట రద్దీ పెరిగిందని పోలీసులే ఒక గేటు తెరిపించారు. అప్పటికే కిక్కిరిసిన కంచెల మధ్యకే జనం వెళ్లారు. 97 మంది ప్రాణాలు పోయాయి. అభిమానులే గేటు తోసుకొచ్చారని పోలీసు అధికారి అబద్ధమాడాడు. కుటుంబాలు 27 ఏళ్లు కొట్లాడాక, 2016లో జ్యూరీ తేల్చింది: అభిమానుల తప్పేమీ లేదు.

ఇప్పుడు మన నల్లపాడు పక్కకే రండి. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు సభలో 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరు వికాస్‌నగర్‌లో ఆయనే వచ్చిన చీరలు, సంక్రాంతి కానుకల పంపిణీలో ముగ్గురు ఆడవాళ్లు పోయారు.

మర్నాడే జగన్ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. ఎంతమందికి చోటుంది, ఎన్ని దారులు వదిలారు, నిండాక ఎవరు ఆపాలి? ఈ లెక్కలు నిర్వాహకుల్ని, పోలీసుల్ని అడగాలి. అవి వదిలేసి, 1861 నాటి పోలీసు చట్టం చూపించి రోడ్ల మీద సభలకే అడ్డం పడింది. 2023 మేలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

ఒకరికి జనం ఫొటోకి కావాలి. ఇంకొకరికి రోడ్డు మీద కనపడకూడదు. ఫంక్షన్ హాలుకి డబ్బుల్లేని మన సంఘాలకి రోడ్డే సభాస్థలం. అదీ తీసేస్తే మన గొంతేది?

'ఎగబడ్డారు', 'తొక్కిసలాట' అనే మాటలే నేరాన్ని జనం కాళ్లకి చుడతాయి. ఈసారి పేపర్లో ఆ మాట కనపడితే, ముందు గేట్లు లెక్కపెట్టండి.