పౌరసత్వం: చెమట వెల, డాలరు వెల

ఒక మనిషి ఒక దేశానికి పౌరుడెట్లా అవుతాడు? అక్కడ పుట్టడం వల్ల, లేదా చిరకాలం అక్కడ బతికి ఆ ప్రజల కష్టసుఖాల్లో పాలుపంచుకోవడం వల్ల. మనకు తెలిసిన సమాధానం ఇదే. అయితే 1984 నుంచి ఇంకో సమాధానం కూడా చట్టరూపంలో వుంది: వెల చెల్లించడం వల్ల. కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్-నెవిస్ స్వతంత్రమైన మరుసటి యేడే, పెట్టుబడి పెట్టే విదేశీయునికి పౌరసత్వమిచ్చే నిబంధనను చట్టంలో చేర్చింది. డొమినికా, గ్రెనడా, ఆంటిగ్వా అదే దారి పట్టాయి. కనీస వెల రెండు లక్షల డాలర్లకు తగ్గరాదని ఈ నాలుగు దేశాలూ 2024లో ఒప్పందం చేసుకున్నాయి. సరుకు ధర పడిపోకుండా వర్తకులు చేసుకొనే కట్టుబాటుకూ దీనికీ భేదమేమిటి?

అంతమాత్రాన ఆ దీవుల ప్రజలను నిందించడం చరిత్ర తెలియని పని. సెయింట్ కిట్స్‌లో చెరకు పండించింది ఆఫ్రికా బానిసలు. 1834లో బ్రిటిషు వలసల్లో బానిసత్వం రద్దయినప్పుడు రెండు కోట్ల పౌన్ల పరిహారం యజమానులకు కేటాయించారు. బానిసలకు దమ్మిడీ దక్కలేదు. లాభాలు సముద్రం దాటిపోయాయి. 2005లో ఆ దీవి చక్కెర పరిశ్రమ మూతపడింది. ఆ పరిశ్రమకు ప్రత్యామ్నాయం చూపడానికంటూ మరుసటి యేడు యేర్పడిన నిధికి విరాళమివ్వడమే పాస్‌పోర్టుకు దగ్గరి దారి అయింది. చెరకు పోయిన చోట పౌరసత్వమే పంట అయిందన్నమాట.

చెరకు దీవులు తెలుగువారికి కొత్త కావు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి కూలీలు మారిషస్ తోటలకు పోయారు. అక్కడ మనవారికి ఆ రేవు పేరే స్థిరపడింది. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి పోయారు. ఐదేళ్ళ కూలీ ఒడంబడిక వారి నోట ‘గిర్మిట్’ అయింది. వారి సంతతి ఫిజీ పౌరులయ్యారు, కాని సాగుచేసిన నేలలో అధిక భాగం కౌలు నేలే. ఆదివాసుల భూమిని కాపాడడం న్యాయమే. ఆదివాసినీ కూలీనీ యెదురెదురుగా నిలబెట్టింది వలస పాలన. 1997 నుంచి ముప్పై యేళ్ళ కౌళ్ళు తీరిపోతుంటే యెన్నో కుటుంబాలు పొలాలు విడిచిపోవలసి వచ్చింది. మూడు తరాల చెమటకు దక్కిన హక్కు అంత పలచనిది.

మన గడ్డ మీద కొలమానం యేమిటి? నైజాం 1919 ఫర్మానా ప్రకారం బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు ఇక్కడ నివసించి, స్వస్థలానికి తిరిగిపోనని ప్రమాణం చేయాలి. ఫ్యూడల్ ప్రభువు సైతం కాలాన్ని కొలిచాడు. నేటి మార్కెట్టు డబ్బునే కొలుస్తున్నది.

‘రెండో పౌరసత్వం’ అనే మాట భారతీయుని విషయంలో అసత్యమని గుర్తించాలి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం పొందిన క్షణానే మన పౌరసత్వం పోతుంది. 2005 నుంచి అమలైన ప్రవాస భారతీయ పౌరుల కార్డుకు ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనే హక్కూ లేదు. నేను విద్యార్థులతో పానగల్ వెళ్ళినప్పుడు ఉదయసముద్రం కట్ట మీద ఈ సంగతి చెబుతుంటాను. ఆ చెరువు పేరులో కందూరు చోడరాజు మిగిలాడు, మట్టి మోసినవారు మిగలలేదు. దీవి పౌరసత్వం కొన్న కోటీశ్వరుడు ఆ ఆయకట్టులో గుంట పొలం కొనలేడు. అయినా అతనికి దిగులుండదు. అతనికి కావలసింది పొలం కాదు, వీసా లేని ప్రయాణమూ, అవసరమైతే చట్టానికి దూరమూ. పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసు నిందితుడు మెహుల్ చోక్సీ 2017లో ఆంటిగ్వా పౌరసత్వం పొందిన సంగతి లోకవిదితమే.

మరి నల్లగొండ, పాలమూరు నుంచి గల్ఫుకు పోయిన కూలీ? ఎంపిక చేసిన పెట్టుబడిదారులకూ, నిపుణులకూ పౌరసత్వమివ్వడానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో చట్టం సవరించింది. గోడ కట్టిన మేస్త్రీ ఆ జాబితాలో లేడు. పౌరసత్వం అమ్ముడుపోవడం కంటే పెద్ద అన్యాయం, దాన్ని శ్రమతో సంపాదించే దారి మూసివుండడం. మనం అడగవలసింది ఆ దారిని గురించే.