నిమ్మకాయ, చెరకు సారా, మన తీరం బట్ట



ఈ మధ్య మన పేటలో కుర్రవాళ్లు రమ్ములో నిమ్మరసం, చక్కెర కలిపి ఇంట్లోనే కాక్‌టెయిల్ చేసుకుంటున్నారు. "ఇది బ్రెజిల్‌ది, పేరు కైపిరిన్యా" అని వాళ్లంటారు. "ఇదంతా పరాయి అలవాటు, మనకెందుకు" అని పెద్దలంటారు. పాత కాగితాలు చూస్తే రెండు మాటల్లోనూ సగమే నిజం ఉన్నట్టు మాకు కనిపించింది.

కైపిరిన్యా బ్రెజిల్‌దే, సందేహం లేదు. చెరకు రసాన్ని పులియబెట్టి దించిన కషాసాలో నిమ్మ, చక్కెర కలపాలని అక్కడి సర్కారు 2003లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. కానీ సారా, నిమ్మ, చక్కెర కలిపే పద్ధతికి ఇంగ్లీషులో ఉన్న పాత పేరు పంచ్. ఆ మాట కాగితం మీద మొదట దొరికింది 1632లో, ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు రాసిన ఉత్తరంలో. అది ఎవరికి రాశాడు? పెటపోలిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి. పెటపోలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. మన తెలుగు తీరమే.

ఆ దొరలకు అక్కడ ఏం పని? బట్ట. 1611లో గ్లోబ్ అనే ఓడ పెటపోలికి, మచిలీపట్నానికి వచ్చింది మన బట్ట కోసమే. ఆ ప్రాంతపు చిరివేరు ఎరుపుకు అప్పట్లో గొప్ప పేరు. వర్తకులు నేతగాళ్లకు ముందే సొమ్ము ఇచ్చి, తానులు కట్టించి ఓడకెక్కించేవారు. మన దాజీ పేట్ కుటుంబాలు ఎక్కువగా తెలంగాణ నుంచి వచ్చినవి, ఆ తీరం నుంచి కాదు. అయినా నేత పని ఎక్కడైనా ఒకటే కదా. దొరలు తాగిన పంచ్ పేరు నాలుగు వందల ఏళ్లు నిలిచింది. ఆ బట్ట నేసినవాళ్ల పేర్లు ఆ ఖాతాల్లో వెతికినా దొరకడం అరుదు.

పంచ్ అనే మాట ఎక్కడిది? 1670లలో మన దేశం తిరిగిన డాక్టర్ జాన్ ఫ్రయర్, ఇది హిందుస్తానీ పాంచ్ నుంచి వచ్చిందని, ఐదు వస్తువులు కలుస్తాయి కాబట్టి ఆ పేరని రాశాడు. కొందరు పండితులు ఒప్పుకోరు, పీపాకున్న ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందంటారు. మన ఇంట్లో ఐదు, బజార్లో పాచ్, మేము చదివిన తమిళ బడిలో ఐందు. మాకైతే ఫ్రయర్ మాటే సబబుగా తోస్తుంది.

అప్పటి సారా కొన్నిచోట్ల తాటికల్లుది, కొన్నిచోట్ల బియ్యానిది. చెరకుదీ ఉంది. ఫ్రెంచి వైద్యుడు బెర్నియే బెంగాల్లో చూసిన బులెపోంజ్‌లో నల్లబెల్లం సారా, నిమ్మరసం, నీళ్లు, కాస్త జాజికాయ ఉండేవి. రుచి బాగుంటుందనే అన్నాడు. ఒంటికి మాత్రం చేటనీ రాశాడు. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు తమ మనుషుల తాగుడికి కట్టడి పెట్టాక చావులు తగ్గాయని కూడా రాశాడు.

ఇక ఇంట్లో చేసే పద్ధతి. వెస్టిండీస్‌లో పాత కొలత ఒకటుంది: పులుపు ఒక పాలు, తీపి రెండు, సారా మూడు, నీళ్లు నాలుగు. అంటే నిమ్మరసం 15 మిల్లీలీటర్లు, చక్కెర పాకం 30, రమ్ము 45, చల్లటి నీళ్లు 60. పైన జాజికాయ చిటికెడు తురమాలి. ఐదూ కుదిరాయి. నిమ్మకాయను మరీ గట్టిగా పిండితే తొక్క చేదు దిగుతుంది. బెల్లం పాకం వేస్తే బెర్నియే చెప్పిన వాసనకు దగ్గరవుతుంది. మన సోలాపూర్ జిల్లా నిండా చక్కెర ఫ్యాక్టరీలే. వాటిలో మిగిలే మళీ, అంటే మొలాసిస్, నుంచే మన దేశంలో రమ్ము తయారవుతుంది. సరుకు కూడా పరాయిది కాదన్నమాట.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కలపడం వేరు, దించడం వేరు. ఇంట్లో సారా దించడం నేరం, ప్రాణాంతకం కూడా. మహారాష్ట్రలో 1949 నాటి చట్టం ప్రకారం తాగడానికి పర్మిట్ కావాలి. రమ్ముకైతే 25 ఏళ్లు నిండాలి.

మన పేటలో పగార్ రోజు సాయంత్రం ఏ ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలుగుతుందో మన ఆడవాళ్లకు తెలుసు. కాబట్టి "మన పాత చరిత్రే కదా" అని ఎవరూ రెండో గ్లాసుకు ఈ వ్యాసాన్ని సాక్ష్యం తెచ్చుకోవద్దు. అలాగే పెద్దలు పిల్లలను "విదేశీ అలవాటు" అని తిట్టడం మాని, బెర్నియే చెప్పిన సంగతి చెప్పండి. కంపెనీ దొరలే లెక్క చూసుకుని తాగుడు తగ్గించారు, మగ్గం మీద బతికే మనం చూసుకోవద్దా?

తాగనివాళ్లకు రసవంతి ఉండనే ఉంది. చెరకు రసం, నిమ్మ, అల్లం, ఐసు. సారా ఒక్కటే తక్కువ.