గెలాక్సీ గుచ్ఛాలను తూచిన విధం

కాంతి దారి మళ్లితే వస్తువు ఉన్నచోట కాక మరోచోట కనిపిస్తుందన్నది పాత విషయమే. 11వ శతాబ్దంలో ఇబ్నుల్ హైసమ్ ‘కితాబుల్ మనాజిర్’ ఏడవ భాగంలో, నక్షత్రకాంతి గాలిలోకి దిగేటప్పుడు వక్రీభవిస్తుందనీ, అందువల్ల నక్షత్రం నిజస్థానంలో కనిపించదనీ వివరించారు. నేటి గురుత్వ కటక సిద్ధాంతాన్ని మాత్రం ఆయనకు అంటగట్టరాదు. ఆయన చెప్పిన ఒంపుకు కారణం గాలి. ఇక్కడి ఒంపుకు కారణం ద్రవ్యరాశి.

1919 మే 29 సూర్యగ్రహణంలో బ్రిటిష్ బృందాలు ఈ రెండో ఒంపును కొలిచాయి. ఒక నక్షత్రం మరో నక్షత్రానికి కటకం కావడాన్ని చూడగలమన్న ఆశ లేదని 1936లో ఐన్‌స్టీన్ రాశారు. మరుసటి ఏడే ఫ్రిట్జ్ జ్వికీ, నక్షత్రాలను వదిలి గెలాక్సీలలో వెదకమన్నారు.

ఆయనకు ఆ అవసరం ఉంది. 1933లో కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలు చూసి, కనిపించే ద్రవ్యం ఒక్కటే వాటిని పట్టి ఉంచజాలదని ఆయన తేల్చారు. అయితే గుచ్ఛం సమస్థితిలో ఉందని ఒప్పుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. కాంతి ఒంపుతో తూచితే ఆ ఊహ అక్కరలేదు. జ్వికీ 1974లో మరణించారు. మొదటి గురుత్వ కటకం 1979లో గాని దొరకలేదు.

1980లలో ఆబెల్ 370 గుచ్ఛంలో కనబడిన పెద్ద కాంతిచాపాలు నడిబొడ్డు బరువునే చెప్పాయి. వెలుపలి భాగానికి 1990లో టైసన్, వాల్డిస్, వెంక్ దారి చూపారు. గుచ్ఛం వెనుక దూరాన ఉన్న గెలాక్సీల రూపాలు గుచ్ఛం చుట్టూ అతి స్వల్పంగా సాగుతాయి. ఒక్క గెలాక్సీని చూస్తే ఏమీ తెలియదు, అది పుట్టుకతోనే కోలగా ఉండవచ్చు. వందలు, వేల రూపాల సగటు తీస్తే సొంత వంకరలు ఒకదానినొకటి కొట్టివేసుకుని, గుచ్ఛం లాగిన సాగు మిగులుతుంది. దూరదర్శిని, గాలి కూడా బొమ్మను సాగదీస్తాయి. అందుకే బిందువులుగా కనిపించవలసిన నక్షత్రాలు ఎంత వంకరపోయాయో చూసి, ఆ మేరకు తీసివేస్తారు. శ్రమంతా ఇక్కడే. 1993లో కైజర్, స్క్వైర్స్ ఈ సాగు నుండి ద్రవ్యరాశి పటం గీసే గణితం అందించారు.

కనిపించని ద్రవ్యం నిజంగా ఉందా, లేక ఆకర్షణ నియమాన్నే సవరించాలా అన్న వాదం అప్పటికీ తెగలేదు. 2006లో క్లో, ఆయన సహచరులు బుల్లెట్ గుచ్ఛాన్ని ఇలా తూచారు. అక్కడ రెండు గుచ్ఛాలు ఢీకొన్నాయి. మామూలు ద్రవ్యంలో అధికభాగమైన వేడి వాయువు నడుమ వెనుకబడింది. పటంలో బరువు మాత్రం వాయువు దగ్గర కాక, ముందుకు సాగిపోయిన గెలాక్సీల దగ్గర తేలింది. నియమాన్ని సవరించాలనే వారికి ఇది గట్టి చిక్కు. ఆ ద్రవ్యపు కణం మాత్రం ఇంతవరకు ఏ ప్రయోగశాలకూ చిక్కలేదు.