చర్‌బాటియా నుంచి ఎగిరిన విమానం

ఉగాది సంచికకు గంజాం ప్రాంత చరిత్రలో ఏదైనా ఒక ముక్క వ్రాయమని సంఘంవారు అడిగారు. కోటలూ శాసనాలూ వదలి, ఈసారి విమానాల మాట ఎత్తుకున్నాము. ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్న పాఠకులకు ఆకాశాన్ని గురించిన ఊహలు కొత్త కావు గదా!

బడా బజారుకు విమానమంటే మొదట కలిగింది భయమే. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానాలు విశాఖపట్టణం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ ఊళ్ళతో మనవారికి వియ్యాలూ వ్యాపారాలూ ఉన్నాయి. అప్పటికి బరంపురం మదరాసు రాజధానిని వదలి ఒరిస్సాలో చేరి ఆరేళ్ళయింది. మనలో చాలామంది ఇల్లు కదలకుండానే ప్రవాసాంధ్రులైనవారమే. చుట్టరికాలకు మాత్రం ఎవరూ సరిహద్దు గీయలేదు. విశాఖలో బాంబు పడితే ఇక్కడ పొయ్యి వెలగని ఇళ్ళుండేవి.

తరువాత 1962లో చైనా దండెత్తింది. ఉత్తరాన ఎక్కడో రహస్య విమానాలు దిగుతున్నవనీ, అమెరికావారు వచ్చారనీ కొట్ల అరుగుల మీద చెప్పుకునేవారని పెద్దల వల్ల విన్నాము. ఒకరు రాకెట్టంటే మరొకరు అణుబాంబనేవారట. తెలిసీ తెలియని మాటలని కొట్టిపారేసినవారే ఎక్కువ. అసలు సంగతి 2013లో బయటపడింది. అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఎ. తన విమానాలను గురించి వ్రాయించుకున్న రహస్య చరిత్రను, వాషింగ్టన్‌లోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్‌వారు పట్టుబట్టి చాలవరకు బయటికి తెప్పించారు. ఎగిరే పళ్ళేల కథలకు పేరుమోసిన నెవాడా ఎడారిలోని ఏరియా 51 మాటా అందులోనే ఉన్నది, మన కటకం పక్కనున్న చర్‌బాటియా మాటా అందులోనే ఉన్నది. లోకమంతా మొదటిదాన్ని పట్టుకుని పండుగ చేసుకున్నది. మనకు కావలసినది రెండవది.

ఆ విమానం పేరు యు-2. లాక్‌హీడ్ కంపెనీలో కెల్లీ జాన్సన్ దీనికి రూపకల్పన చేశాడు. 1955 ఆగస్టులో మొదట ఎగిరింది. పొడుగాటి సన్నని రెక్కలు, ఒక్కడే చోదకుడు, తుపాకీ లేదు, బాంబు లేదు. ఉన్నది కెమెరా. సుమారు 70,000 అడుగుల ఎత్తున ఎగురుతూ నేలను ఫోటో తీస్తుంది. వాతావరణ పరిశోధన కోసమని పైకి చెప్పేవారు. 1960 మే 1న రష్యావారు ఒకదానిని కూల్చి, చోదకుడు పవర్స్‌ను ప్రాణంతో పట్టుకునే సరికి ఆ బొంకు తేలిపోయింది.

1962 నవంబరులో నెహ్రూగారు సరిహద్దుల మీద ఈ విమానాలను ఎగరనిచ్చారు. అవి థాయిలాండులోని తాఖ్లీ నుంచి వచ్చేవి. అంత దూరం నుంచి టిబెట్ దాకా పోయి రావడం ఎంత కష్టమో ఒక్క సంగతి చాలు: 1963 నవంబరు 10న ఒక చోదకుడు 11 గంటల 45 నిమిషాలు ఎగిరి, దిగేసరికి సొమ్మసిల్లినంత పనయిందట, ఆ పైన పది గంటలకు మించి పంపరాదని నియమం పెట్టుకున్నారు. దగ్గరలో ఒక దిగుడు చోటు కావాలి. మహానదికి ఆవల, చౌద్వార్ పక్కన, రెండవ ప్రపంచ యుద్ధంనాటి చర్‌బాటియా విమానాశ్రయం ఉన్నది. మన మెయిలు బండి పోయే దారిలో, ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు.

ఈ ఒప్పందం కుదిరింది 1963 జూన్ 3న, కెనెడీగారికీ మన రాష్ట్రపతికీ మధ్య జరిగిన సమావేశంలో. ఆ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలరుగా ఉన్న ఆ తత్త్వవేత్త పేరు గూఢచారి విమానం కథలో కనబడటం మాకు మొదట నమ్మశక్యం కాలేదు. అప్పుడు ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్‌గారు. ఆయన స్వయంగా విమాన చోదకులు.

ఇంత ప్రయత్నానికి దక్కిన ఫలం ఎంత? 1964 మే 24న చర్‌బాటియా నుంచి ఒక విమానం ఎగిరింది. మూడవ నాడు నెహ్రూగారు కన్నుమూశారు. విమానమూ చోదకులూ వెళ్ళిపోయారు. ఆ అక్టోబరు 16న చైనా అణుబాంబు పేల్చింది. డిసెంబరులో యు-2 మళ్ళీ వచ్చి మూడు సార్లు పోయి వచ్చింది. 1967 జూలైలో ఆ ఏర్పాటు ముగిసింది.

దెబ్బతిన్న దేశం శత్రువు ఎక్కడున్నాడో చూడగోరడం తప్పని మేము అనము. కాని ఏ కూటమిలోనూ చేరమని చెప్పుకుంటూ వచ్చిన ప్రభుత్వం తన నేల మీద అమెరికా విమానాన్ని దింపుకున్నదని మనవారికి తెలియడానికి 49 ఏళ్ళు పట్టవలసినది కాదు. అదీ పరాయిదేశపు కాగితాల వల్ల! అరుగు మీద ‘అమెరికావారు దిగారు’ అన్నవారిలో ఎందరో ఆ మాట రుజువు కాకముందే పోయారు. వారిని కోతలరాయుళ్ళన్నవారూ పోయారు.

ఆ మూడు ప్రయాణాలూ 1964 డిసెంబరులో జరిగాయి. ఆ రోజులలో పట్టుచీరల మూటలతో కటకం వెళ్ళి వచ్చినవారు ఎవరైనా మన మధ్య ఉండి, ఏదైనా మోత విన్నట్టు గుర్తుంటే, సంఘం కార్యాలయంలో చెప్పవలసినదిగా కోరుతున్నాము. వచ్చే ఉగాది సంచికలో అచ్చు వేస్తాము.