హోసూరుకు చేరని ట్రాలీబస్సు

తలపై తీగల నుంచి కరెంటు అందుకుని నడిచే ట్రాలీబస్సు చరిత్ర రాసేవాళ్ళు చాలామంది 1882 ఏప్రిల్ 29న బెర్లిన్ శివారు హాలెన్‌సేలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ నడిపిన ఎలక్ట్రోమోట్ అనే బండితో మొదలుపెట్టి, డీజిల్ వచ్చింది, అది పోయింది అని ముగిస్తారు. రెండూ సగం నిజాలే. 540 మీటర్ల ఆ ప్రయోగం జూన్ 13తో ఆగిపోయింది. బండి కదిలింది కానీ పరిశ్రమ పుట్టలేదు.

అసలు చిక్కు మోటారుతో కాదు, తీగ నుంచి కరెంటు అందుకోవడంతో. సీమెన్స్ బండి తీగల మీద ఒక చిన్న చక్రాల పెట్టెను కేబులుతో లాక్కుపోయేది. 1900 పారిస్ ప్రదర్శనలో లొంబార్-జెరాన్ ఆ పెట్టెకే మోటారు బిగించాడు. తెలివైన ఏర్పాటే, కాకపోతే ఆ బరువంతా తీగల మీద పడింది. 1901లో జర్మనీలోని బీలాటాల్‌లో మాక్స్ షీమాన్ బండి కప్పు మీంచి కడ్డీలు లేపి తీగలకు అడుగునుంచి ఆనించాడు. ఆ మార్గం 1904లోనే మూతపడింది కాబట్టి చాలా కథనాలు అతన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. కానీ 1911 జూన్ 20న బ్రిటన్‌లోని లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్‌లలో తిరిగిన ట్రాలీబస్సులు ఆ బాటలోవే. నా దృష్టిలో తయారీకి ఆద్యుడు షీమానే. అయితే బ్రిటన్‌లో పనంతా ఒక్కరి చేతిలో లేదు. ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది, మోటార్లు విద్యుత్ కంపెనీలవి. తర్వాత ట్రాలీబస్సుల తయారీలో లేలాండ్, ఏఈసీ అనే వాహన కంపెనీలు ఎదిగింది ఈ ఉమ్మడి పనితోనే.

మన కథ మలుపు తిరిగింది ఇక్కడే. 1946లో లేలాండ్, ఏఈసీ తమ ట్రాలీబస్సుల పనిని బ్రిటిష్ యునైటెడ్ ట్రాక్షన్ అనే ఉమ్మడి సంస్థకు అప్పగించాయి. ట్రాలీబస్సు అలా వేరే సంస్థ చేతికి వెళ్ళింది కాబట్టి, 1950లో మద్రాసు అశోక్ మోటార్స్ లేలాండ్‌తో ఒప్పందం చేసుకునేసరికి ఇక్కడికొచ్చింది డీజిల్ వాహనమే. 1955లో ఆ కంపెనీ అశోక్ లేలాండ్ అయింది. 1980లో అప్పటి ధర్మపురి జిల్లాలోని హోసూరులో, తెలుగు ఇళ్ళు దండిగా ఉన్న ఊళ్ళో, కర్మాగారం తెరిచింది. అక్కడా ఆ డీజిల్ వారసత్వమే సాగింది. కాబట్టి ట్రాలీబస్సు మన దగ్గర డీజిల్‌తో పోటీపడి ఓడిందనడం సరికాదు. తయారీదారు దాన్ని వెంట తేలేదు. ఇదొక్కటే కారణమని అనను. 1962 నుంచి 1971 దాకా బొంబాయి ట్రాలీబస్సు ఒక్క మార్గానికే పరిమితమైంది. అంత గిరాకీ మీద ఏ కర్మాగారమూ నిలవదు.

2016లో అశోక్ లేలాండ్ సర్క్యూట్ అనే బ్యాటరీ బస్సును చూపించింది. సంతోషమే, కానీ ఏటవాలు దారుల్లోనూ రద్దీలోనూ బస్సు అంత బ్యాటరీ బరువును రోజంతా మోయాలా అన్న సందేహం నన్ను వదలదు. 1972లో ట్రాలీబస్సులు తీసేసిన ప్రాగ్ నగరం, నడుస్తూనే తీగల కింద ఛార్జి అయ్యే బస్సులతో మళ్ళీ అటే మళ్ళింది. హోసూరులో ఛాసిస్ పనితనానికి కొదవలేదు. మన నగర రవాణా సంస్థలు కనీసం ఒక్క రద్దీ మార్గంలోనైనా తీగలు వేయించి, హోసూరులో చేసిన బస్సుతో పరీక్షించి చూడాలి.